ఐడ్లింగ్ దిగనంటే దిగదు: పాత పికప్‌లో దొంగగాలి వెతకడం

అందరికీ నమస్కారం. ముందే ఒక హద్దు గీసుకుందాం. ఈరోజు నేను మాట్లాడేది పెట్రోలు పికప్‌ల గురించి. అదీ యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజిన్ దాకా కేబుల్ ఉన్న పాత బళ్ల గురించి. సుమారుగా 1980ల మధ్య నుంచి 2000ల మొదటి ఏళ్ల దాకా వచ్చినవన్నమాట. కేబుల్ లేకుండా వైరు మీద నడిచే కొత్త బళ్ల లెక్క వేరు. డీజిల్ సంగతి ఎవరైనా అడిగితే చివర్లో చూద్దాం.

జబ్బు ఏంటో మీకు తెలుసు. బండి ఆపారు, న్యూట్రల్‌లో పెట్టారు, పెడల్ మీద కాలు తీసేశారు. ఐడ్లింగ్, అంటే పెడల్ వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, మాత్రం దిగట్లేదు. ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లో) చూపే ముల్లు 1500 దగ్గర కూర్చుంది. ఆటోమేటిక్ అయితే డ్రైవ్‌లో వేయగానే ఒక్క కుదుపు కుదిపి ముందుకు దూకుతుంది. ఆగినంతసేపూ బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. మాన్యువల్ అయితే వాలు దిగేటప్పుడు కాలు తీసినా ఇంజిన్ బండిని పట్టి ఉంచదు. ఇందులో పెట్రోలు దండగ కన్నా బ్రేకుల మీద పడే భారమే నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఇలాంటి బండి దొరికితే చాలామంది చేసే మొదటి పని స్క్రూడ్రైవర్ తీసి థ్రాటిల్ స్టాప్ స్క్రూ (ఇంజిన్ గాలి తలుపు ఎక్కడిదాకా మూసుకోవాలో ఆపే స్క్రూ) తిప్పడం. అది పని చేయకపోతే ఐడిల్ వాల్వ్ కొత్తది తెచ్చి బిగించడం. అదీ కాకపోతే సెన్సర్లు ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడం. ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది ఈ పద్ధతి. అసలు ముల్లు ఎందుకు పైకి పోతోందో అర్థమైతే కొనాల్సిన పార్టు ఏదో దానంతట అదే తేలుతుంది. చాలాసార్లు అది ఒక జానెడు రబ్బరు పైపే అయి ఉంటుంది.

పెట్రోలు ఇంజిన్ ఎంత వేగంగా తిరగాలో తేల్చేది పెట్రోలు అనుకుంటారు. కాదు, గాలి. ఎంత గాలి లోపలికి పోతే దానికి తగ్గ పెట్రోలు కంప్యూటర్ పోస్తుంది. పెడల్ వదిలేసినప్పుడు గాలి దారిలో తలుపులా ఉండే థ్రాటిల్ పళ్లెం దాదాపు మూసుకుపోతుంది. అప్పుడు ఇంజిన్ బతకడానికి కావలసిన గాలి మూడు నాలుగు చిన్న దారుల్లో వస్తుంది. పళ్లెం అంచున ఉన్న వెంట్రుకవాసి సందు ఒకటి. పళ్లేన్ని దాటించి పక్క నుంచి గాలి పంపే ఐడిల్ వాల్వ్ ఇంకొకటి. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) నుంచి పొగ లాగే పీసీవీ వాల్వ్ మరొకటి. కంపెనీ వాళ్లు ఈ లెక్కంతా వేసే, ఇంజిన్ వేడెక్కాక 600 నుంచి 850 మధ్య తిరిగేలా పెడతారు. మీ బండికి కచ్చితంగా ఎంత ఉండాలో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. దాన్ని చదవకుండా పని మొదలుపెట్టకండి. కాబట్టి ముల్లు పైన ఉందంటే దాదాపు ఎప్పుడూ ఒకటే అర్థం: లెక్కలో లేని గాలి ఎక్కడి నుంచో వస్తోంది, లేదా లెక్కలో ఉన్న తలుపే ఎక్కువ తెరుచుకుంది. దాదాపు అని ఎందుకన్నానంటే, ఇగ్నిషన్ టైమింగ్ ఎక్కువ అడ్వాన్స్ అయినా, అంటే స్పార్క్ మరీ ముందే పడినా, ఐడ్లింగ్ పెరుగుతుంది. ఎవరైనా ఈమధ్య స్పార్క్‌ని సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్ కదిపి ఉంటే ముందు టైమింగ్ లైటు పెట్టి అది చూసుకోండి.

టూల్‌బాక్స్ తెరవక ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎప్పుడు పెరుగుతోంది? నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు నేను ముందు నేర్పేది ఇదే.

పొద్దున్నే స్టార్ట్ చేయగానే 1200, 1500 చూపించి, వేడెక్కేకొద్దీ దిగిందా? అది జబ్బు కాదు. చల్లటి ఇంజిన్ ఆగిపోకుండా అలాగే తయారుచేశారు. ఏసీ వేసినప్పుడు కొంచెం లేచినా, స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు లేచినా అది కూడా చాలా బళ్లలో కావాలని పెట్టిందే. బండి ఇంకా దొర్లుతుండగా కాస్త ఎక్కువ ఉండి, పూర్తిగా ఆగాక దిగేలా ప్రోగ్రాం చేసిన కంప్యూటర్లు కూడా ఉన్నాయి. ఇవన్నీ పక్కన పెట్టండి.

చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఒకేలా పైన ఉంటే లీకు అయినా ఉండాలి, ఏదైనా తెరుచుకుని ఇరుక్కుపోయి అయినా ఉండాలి. పెడల్ ఒకసారి తొక్కి వదిలితే దిగిపోతోందా? అయితే కేబుల్, పళ్లెం, స్ప్రింగ్ చూడండి. ఎంతసేపు నడిపినా పొద్దున లేచిన స్పీడు అలాగే ఉండిపోతే, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని ఎవరో కంప్యూటర్‌కి చెబుతున్నారు. లేదా నిజంగానే చల్లగా ఉంది.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే చేసే పని ముందు చేద్దాం, ఐదు నిమిషాలు పట్టదు. కాలి కింద మ్యాట్ పెడల్‌కి తగులుతోందా? నవ్వకండి, తగిలే బళ్లు ఉంటాయి. బానెట్ ఎత్తి, ఆ పళ్లెం ఉండే థ్రాటిల్ బాడీ దగ్గర కేబుల్ చూడండి. పెడల్ వదిలినప్పుడు కేబుల్‌లో కొంచెం వదులు ఉండాలి. క్రూజ్ కంట్రోల్ ఉంటే దాని కేబుల్‌కి కూడా అంతే. థ్రాటిల్‌ని చేత్తో తెరిచి వదిలితే టక్కుమని మూసుకుని స్టాపు మీద పడాలి. ఆ చప్పుడు వినిపించకపోతే పళ్లెం వెనక అంచున నల్లగా మసి గట్టిపడి ఉంటుంది, లేదా ఇరుసు అరిగి ఉంటుంది. ఇరుసు పైకీ కిందికీ ఆడితే అక్కడి నుంచీ గాలి దూరుతుంది. మసి అయితే థ్రాటిల్ బాడీ క్లీనర్, మెత్తటి గుడ్డ చాలు. ఒక్క జాగ్రత్త: కొన్ని ఫోర్డ్ ఇంజిన్ల థ్రాటిల్ బాడీ లోపల మసి పట్టకుండా పూత ఉంటుంది, పైన క్లీన్ చేయొద్దని స్టిక్కర్ కూడా ఉంటుంది. దాన్ని గీకితే పూత పోతుంది.

ఇక ఇంజిన్ స్టార్ట్ చేసి చేసే పని. హ్యాండ్ బ్రేక్ వేయండి, చక్రాలకు అడ్డం పెట్టండి, న్యూట్రల్ లేదా పార్క్. షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. వదులు చొక్కా, మెడలో తాడు ఉంటే తీసేయండి. ఫ్యాన్ కనికరించదు.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఐడిల్ వాల్వ్ దారి మూసి చూడడం. ఇంజిన్ బాగా వేడెక్కనివ్వండి. ఆ వాల్వ్‌కి గాలి తెచ్చే రబ్బరు పైపు బయటికి కనిపిస్తే ప్లయర్ మొనలకు గుడ్డ చుట్టి మెల్లగా నొక్కండి. జనరల్ మోటార్స్ వాళ్ల 1987 నుంచి 1995 దాకా వచ్చిన టీబీఐ (థ్రాటిల్ బాడీలోనే పెట్రోలు చిమ్మే) పికప్‌లలో అయితే ఎయిర్ క్లీనర్ తీస్తే థ్రాటిల్ బాడీలోనే ఆ రంధ్రం కనిపిస్తుంది, దాన్ని మూసి చూడవచ్చు. ఇప్పుడు ముల్లు చూడండి. దడదడమని పడిపోయి ఇంజిన్ ఆగబోయిందా? అయితే ఎక్కువ గాలి ఆ వాల్వ్ గుండానే వస్తోంది. వాల్వ్ ఇరుక్కుపోయి ఉండాలి, లేదా కంప్యూటరే దాన్ని తెరిచి ఉంచమంటూ ఉండాలి. ముల్లు కదలలేదా? అయితే ఆ వాల్వ్‌ని వదిలేయండి, అది నిర్దోషి. గాలి ఇంకో దారిన వస్తోంది. ఒక్క నొక్కుతో సగం ఇంజిన్ మీ అనుమానాల్లోంచి బయటికి పోయింది.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. గాలి కొలిచే మీటరు ఉన్న బళ్లలో ఎయిర్ పైపు పూర్తిగా ఊడదీస్తే ఇంజిన్ ఆగిపోవచ్చు. టయోటా 22ఆర్‌ఈ ఇంజిన్ అయితే ఆగిపోతుంది. ఎందుకంటే దాని ఎయిర్ మీటర్‌లోని రెక్క మూసుకోగానే ఫ్యూయల్ పంపు కూడా ఆగుతుంది. పైపు ఊడదీయకుండా నొక్కడమే అక్కడ దారి. పాత ఫోర్డ్‌లలో ఐడిల్ వాల్వ్ కరెంటు లేకపోతే స్ప్రింగు బలంతో మూసుకునే రకం. కనెక్టర్ పీకేస్తే ఐడ్లింగ్ పడాలి. పడకపోతే వాల్వ్ లోపల ఇరుక్కుందన్నా అనుకోవాలి, లీకు వేరే చోట ఉందన్నా అనుకోవాలి. అదే పరీక్ష జీఎం (జనరల్ మోటార్స్) బండి మీద చేస్తే ఏమీ తేలదు. దాని వాల్వ్ స్టెప్పర్ మోటారుతో నడుస్తుంది, కనెక్టర్ పీకితే ఉన్న చోటే ఉండిపోతుంది. ఒక బండి మీద నేర్చుకున్న చిట్కా ఇంకో బండి మీద ఎందుకు పనిచేయదో ఇక్కడే తెలుస్తుంది.

సరే, వాల్వ్ నిర్దోషి అని తేలింది. ఇక వాక్యూమ్ లీకు వేట, అంటే ఇంజిన్ పీల్పు ఉన్న చోట బయటి గాలి దూరే చిల్లు వెతకడం. పాత పికప్ ఇంజిన్ చుట్టూ ఎన్ని రబ్బరు పైపులుంటాయో మీరు లెక్కపెట్టనక్కర్లేదు, ఎక్కడెక్కడికి పోతాయో తెలిస్తే చాలు. బ్రేక్ బూస్టర్‌కి లావుపాటిది ఒకటి. పీసీవీకి ఒకటి. పెట్రోలు ఆవిర్లు లాగే పర్జ్ వాల్వ్‌కి ఒకటి. కొంత ఎగ్జాస్ట్ పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్‌కి, క్రూజ్ కంట్రోల్‌కి, డ్యాష్‌బోర్డ్ లోపల హీటర్ తలుపులకి, పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మాడ్యులేటర్‌కి, కొన్ని ఫోర్ బై ఫోర్ బళ్లలో ముందు యాక్సిల్‌ని కలిపే డయాఫ్రమ్‌కి (పీల్పుతో కదిలే పొర) సన్నవి పోతాయి. ఆ చివరిది కింద బురదలో ఉంటుంది కాబట్టి ఎవరికీ గుర్తుకు రాదు.

పైపులు చూసే పద్ధతి ఒకటుంది. పై నుంచి చూస్తే కొత్తవాటిలాగే కనిపిస్తాయి. పగులు ఎప్పుడూ అడుగున, మెటల్ గొట్టం మీదికి ఎక్కే చోట, లేదా ఎల్ ఆకారం ఒంపులో ఉంటుంది. వేలితో పట్టుకుని కొద్దిగా వంచండి. ఎండిపోయిన రబ్బరు మీద ముందు బూడిదరంగు గీతలు కనిపిస్తాయి, ఇంకాస్త వంచితే ఆ గీతల్లో ఒకటి నోరు తెరుస్తుంది. వదిలేస్తే మళ్లీ మూసుకుంటుంది. అందుకే కంటికి ఆనదు. పీసీవీ దగ్గరి ఒంపు రబ్బరుది ఇంకో రకం చావు. ఆయిల్ ఆవిరి తగిలి తగిలి మెత్తబడి, పట్టుకుంటే వేళ్లకు నల్లగా జిగురు అంటుకుంటుంది. వాక్యూమ్ లాగినప్పుడు లోపలికి అణిగిపోతుంది, పక్కన చీరుకుపోతుంది.

కంటికి దొరకకపోతే చెవి. ఒక మీటరు పొడవు రబ్బరు పైపు తీసుకుని ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన ఇంజిన్ మీద తిప్పుతూ పోండి. లీకు దగ్గరికి రాగానే బుస్ మనే శబ్దం తేడాగా వినిపిస్తుంది. చెవికీ దొరకకపోతే నొక్కడం. ఒక్కో పైపునీ మానిఫోల్డ్‌కి (థ్రాటిల్ దాటిన గాలిని సిలిండర్లకు పంచే గొట్టాలు) దగ్గరగా నొక్కుతూ ముల్లు చూస్తూ ఉండండి. బ్రేక్ బూస్టర్ పైపు నొక్కగానే ఐడ్లింగ్ దిగితే ఆ పైపు గానీ బూస్టర్ లోపలి డయాఫ్రమ్ గానీ చిరిగిందన్నమాట. అప్పుడు అది ఐడ్లింగ్ సమస్య కాదు, బ్రేకుల సమస్య. బండి అక్కడే ఆపాలి. పర్జ్ వాల్వ్‌కి క్యానిస్టర్ (పెట్రోలు ఆవిర్లు పట్టి ఉంచే డబ్బా) వైపు పైపు తీసి వేలు పెట్టండి. చాలా బళ్లలో ఐడ్లింగ్‌లో అక్కడ పీల్పు ఉండకూడదు. వేలు పీల్చుకుంటే వాల్వ్ తెరుచుకుని ఉండిపోయింది.

మానిఫోల్డ్ ప్యాకింగ్ ఒకటి మిగిలింది. లోహం వేడెక్కి వ్యాకోచిస్తే చిన్న సందు మూసుకుపోతుంది కాబట్టి దీని లీకు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక తక్కువ ఉండడం మామూలే. చాలామంది కార్బ్ క్లీనర్ స్ప్రే చేసి ఇంజిన్ స్పీడు మారుతుందేమో చూస్తారు. పనిచేస్తుంది, కానీ అది మంటలంటుకునే ద్రవం, పక్కనే ఎర్రగా కాలిన ఎగ్జాస్ట్, పాత స్పార్క్ వైర్లు ఉంటాయి. నా మాట వింటే ముందు స్ప్రే సీసాలో నీళ్లతో ప్రయత్నించండి. లీకు మీద పడితే క్షణకాలం సందు మూసుకుని శబ్దం మారుతుంది. పొగ యంత్రం అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. ఇంజిన్ ఆపి మానిఫోల్డ్‌లోకి పొగ పంపితే ఎక్కడి నుంచి లేస్తుందో కళ్లతోనే చూడవచ్చు.

ఇక్కడ ఒకరు మంచి ప్రశ్న అడుగుతున్నారు: "వాక్యూమ్ లీకు ఉంటే ఇంజిన్ వణకాలి కదండీ, మా బండి సాఫీగానే తిరుగుతోంది, స్పీడు మాత్రమే ఎక్కువ" అని. బండి గాలిని ఎలా కొలుస్తుందన్న దాని మీద ఉంటుంది అది. ఎయిర్ మీటరు ఉన్న బండిలో లీకు గాలి మీటరు దాటకుండా దొంగదారిన వస్తుంది. దానికి పెట్రోలు కలవదు, మిశ్రమం పలచనై ఇంజిన్ వణుకుతుంది. మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ బండిలో అయితే దొంగగాలి వచ్చినా ఒత్తిడి పెరగడం కనిపిస్తుంది, కంప్యూటర్ దానికీ పెట్రోలు పోసేస్తుంది. వణుకు లేదు, హాయిగా 1400 మీద తిరుగుతుంది. మీది రెండో రకం అయి ఉండాలి.

అలాగే ముల్లు ఊగే బళ్లు. 1000 నుంచి 2000 దాకా లేచి, పడి, మళ్లీ లేచి, ఎవరో పెడల్ కొడుతున్నట్టు ఉంటుంది. ఇందులో దెయ్యం లేదు. గాలి ఎక్కువై స్పీడు ఒక హద్దు దాటింది. థ్రాటిల్ మాత్రం మూసే ఉందని సెన్సర్ చెబుతోంది. బండి వాలు దిగుతోందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. స్పీడు పడుతుంది, పెట్రోలు మళ్లీ వస్తుంది, మళ్లీ లేస్తుంది. కంప్యూటర్ మార్చాల్సిన పని లేదు, ఎక్కువ గాలి ఎక్కడిదో పట్టుకుంటే ఊపు ఆగుతుంది.

ఇక వేడి గొడవ. నాకు తెలిసి జనం అన్నిటికన్నా తక్కువ అనుమానించేది కూలెంట్‌ని. రేడియేటర్‌కీ ఐడ్లింగ్‌కీ ఏం సంబంధం అంటారు. 22ఆర్‌ఈ ఇంజిన్నే తీసుకోండి. దాని థ్రాటిల్ బాడీ కింద మైనంతో పనిచేసే ఒక గాలి వాల్వ్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు తెరుచుకుని ఎక్కువ గాలి ఇస్తుంది, చుట్టూ వేడి కూలెంట్ పారితే మైనం ఉబ్బి మెల్లగా మూసుకుంటుంది. అందులో కంప్యూటర్ ప్రమేయమే లేదు. కూలెంట్ తగ్గి అక్కడ గాలి బుడగ నిలిచిపోతే మైనం వేడెక్కదు, వాల్వ్ మూయదు, ఐడ్లింగ్ దిగదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత తీసి కూలెంట్ నింపి, బుడగ పోయేలా బ్లీడ్ చేస్తే జబ్బు పోయే బళ్లున్నాయి. వేడి మీద మూత తీయకండి, ముఖం కాలుతుంది.

వేరే బళ్లలో ఆ పని కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చేస్తుంది. మల్టీమీటరు పెట్టి చూడండి. చాలా జపాన్ సెన్సర్లు 20 డిగ్రీల దగ్గర 2 నుంచి 3 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 200 నుంచి 400 ఓమ్‌లు చూపిస్తాయి. వేడి ఇంజిన్ మీద కూడా కిలో ఓమ్‌లలోనే ఉంటే కంప్యూటర్ ఇంకా చలికాలంలోనే ఉంది. గేజ్ ముల్లుని నడిపే సెన్సర్, కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్ చాలా బళ్లలో వేర్వేరు, కాబట్టి డ్యాష్‌లో వేడి సరిగా చూపిస్తోంది కదా అని వదిలేయకండి. గేజ్ కూడా కిందే ఉండి, హీటర్ నుంచి గోరువెచ్చటి గాలే వస్తుంటే, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. అప్పుడు సెన్సర్ చెబుతున్నది నిజమే.

థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ గురించి త్వరగా చెప్పేస్తాను. పళ్లెం మూసి ఉన్నప్పుడు చాలా బళ్లలో 0.5 నుంచి 1 వోల్టు లోపల ఉండాలి. ఎవరో స్టాప్ స్క్రూ తిప్పితే ఆ వోల్టేజీ కూడా మారిపోతుంది. కంప్యూటర్‌కి మీరు పెడల్ వదిలేశారని తెలియదు, ఐడ్లింగ్ పట్టించుకోదు. స్క్రూ తిప్పడాన్ని మొదట్లో తప్పుపట్టింది అందుకే. దాని మీద పెయింట్ చుక్క చెదిరి ఉంటే ముందే ఎవరో వచ్చి వెళ్లారని తెలుసుకోండి.

కోడ్ స్కానర్ ఉంటే వాడండి, కానీ దాని మాట చివరి మాట కాదు. అమెరికాలో 1996 మోడల్ నుంచి ఓబీడీ-2 (బండి కంప్యూటర్ తన తప్పుల్ని కోడ్‌లుగా చెప్పే పద్ధతి) తప్పనిసరి అయింది. వాటిలో ఐడ్లింగ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ ఉంటే పీ0507 వస్తుంది. ఆ కోడ్ మీకు తెలిసిన సంగతే చెబుతోంది, ఎందుకో చెప్పడం లేదు. లైవ్ డేటా చూడండి. ఎయిర్ మీటరు ఉన్న బండిలో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలుని ఎంత పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) ఐడ్లింగ్‌లో ప్లస్‌లోకి బాగా పోయి, 2500 దగ్గర మామూలుకు వస్తే వాక్యూమ్ లీకునే ముందు అనుమానించాలి. జీఎం టీబీఐ బండిలో ఐడిల్ వాల్వ్ కౌంట్లు (వాల్వ్ ఎన్ని మెట్లు తెరుచుకుందో చెప్పే అంకె) సున్నా చూపిస్తూ స్పీడు ఎక్కువ ఉంటే కంప్యూటర్ తన తలుపు పూర్తిగా మూసేసి చేతులెత్తేసిందని అర్థం.

కార్బురేటర్ బండి గురించి అడిగారు. అక్కడ నేను ముందు చోక్ (చల్లగా ఉన్నప్పుడు గాలి తగ్గించే తలుపు), ఫాస్ట్ ఐడిల్ క్యామ్ (అప్పుడు ఐడ్లింగ్‌ని పెంచి పట్టే మెట్ల ముక్క) చూస్తాను. వేడెక్కాక పెడల్ ఒకసారి తట్టితే క్యామ్ మెట్టు మెట్టుగా దిగాలి. జిడ్డు పట్టి దిగకపోయినా, చోక్ తెరిచే కాయిల్‌కి కరెంటు అందకపోయినా స్పీడు పైనే ఉండిపోతుంది. ఆ తర్వాత కార్బురేటర్ అడుగు ప్యాకింగ్. వాక్యూమ్ పైపుల కథ మాత్రం అక్కడా ఇదే.

డీజిల్ అడిగింది మీరే కదా. పాత మెకానికల్ పంపు డీజిల్‌కి మామూలుగా థ్రాటిల్ పళ్లెం ఉండదు, గాలి ఎప్పుడూ నిండుగానే పోతుంది, కాబట్టి ఈ వాక్యూమ్ లీకు వేట అక్కడ పనికిరాదు. పంపు లివర్ స్టాపు మీదికి పూర్తిగా వస్తోందా, చలికి ఐడ్లింగ్ పెంచే లివర్ వెనక్కి వెళ్తోందా చూడండి. పంపు ప్రమేయం లేకుండా దానంతట అదే స్పీడు పెరుగుతూ పోతే మాత్రం టర్బో సీలు నుంచి ఆయిల్ లోపలికి పోయి అదే ఇంధనంగా మండుతూ ఉండవచ్చు. దాన్ని పరీక్షిస్తూ నిలబడకండి, వెంటనే ఇంజిన్ ఆపే మార్గం చూడండి.

ఇంకొకరు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశాక ఐడ్లింగ్ ఇంకా పెరిగిందని అంటున్నారు. మసి సందు మూసేకొద్దీ కంప్యూటర్ వాల్వ్‌ని ఎక్కువ తెరవడం నేర్చుకుని ఉంటుంది. మసి పోయినా ఆ పాత అలవాటు కొంతకాలం మిగులుతుంది. మాన్యువల్‌లో మీ మోడల్‌కి ఐడిల్ రీలెర్న్ (కంప్యూటర్‌కి ఐడ్లింగ్ మళ్లీ నేర్పే) పద్ధతి రాసి ఉంటే అది చేయండి. లేకపోతే బ్యాటరీ నెగటివ్ కాసేపు తీసి పెట్టి, మళ్లీ బిగించి, ఏసీ, లైట్లు ఆపి ఇంజిన్ వేడెక్కేదాకా ఐడ్లింగ్‌లో వదిలేసి, ఆ తర్వాత మామూలుగా నడపండి. అప్పటికీ దిగకపోతే క్లీనింగ్ సమయంలో తీసిన పైపుల్లో ఏదో మళ్లీ సరిగా ఎక్కలేదు, క్లిప్పులన్నీ ఒకసారి చేత్తో తిప్పి చూడండి.